వర్చువల్ మెషిన్ మరమ్మతు – 3వ పాఠం: ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయిన ఉబుంటు

బూట్ డిస్కే కనబడని మెషిన్ సంగతి గత పాఠంలో చూశాం. ఈసారి మెషిన్ ఇంకాస్త ముందుకెళ్లి ఆగుతుంది. గ్రబ్ (బూట్ మెనూ) వస్తుంది, కెర్నల్ (ఉబుంటు గుండెకాయ) లోడవుతుంది, తర్వాత 90 సెకన్లు కదలిక ఉండదు, ఆపైన 'యు ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్' అంటుంది. ఇంతదాకా వచ్చిందంటే వర్చువల్‌బాక్స్‌లో ర్యామ్, వీడియో మెమరీ మార్చి చూడటం దండగ. తప్పు చాలావరకు గెస్ట్ (వర్చువల్ మెషిన్‌లో నడిచే ఉబుంటు) లోపలే, అదీ ఎక్కువసార్లు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (బూట్‌లో ఏ డిస్క్‌ను ఏ ఫోల్డర్‌కు తగిలించాలో చెప్పే జాబితా) ఫైల్‌లోనే ఉంటుంది.

ముందు ఆ 90 సెకన్లలో ఏం జరుగుతోందో కళ్లతో చూడాలి. లోగో అడ్డుగా ఉంటే, బూట్ మొదట్లోనే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి (ఈఎఫ్ఐ మెషిన్ అయితే ఎస్కేప్, ఒక్కసారే). గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే వరుసలో 'క్వైట్ స్ప్లాష్' చెరిపేసి, ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే. 'ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అంటూ సెకన్లు లెక్కపెట్టే వరుసలో ఒక యూయూఐడీ (డిస్క్‌ను గుర్తించే పొడవాటి నంబరు) ఉంటుంది. దాన్ని రాసుకోండి. సిస్టమ్‌డీ (బూట్‌ను నడిపించే ప్రోగ్రామ్) ఎదురుచూస్తున్న డిస్క్ అదే. అది సాధారణంగా మీరు అదనంగా జోడించిన రెండో డిస్క్. దాన్ని మీరు మెషిన్ నుంచి తీసేసి ఉండాలి, లేదా మళ్లీ ఫార్మాట్ చేసి ఉండాలి. ఫార్మాట్ చేస్తే యూయూఐడీ మారుతుంది, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాతదే మిగిలిపోతుంది.

ఎమర్జెన్సీ మోడ్ తెర దగ్గర ఎంటర్ నొక్కితే రూట్ షెల్ (అన్ని అధికారాలూ ఉండే కమాండ్ తెర) వస్తుంది. 'రూట్ అకౌంట్ ఈజ్ లాక్డ్' అంటూ షెల్ ఇవ్వకపోతే (డెబియన్‌లో ఇది మామూలే) ఉబుంటు ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ ఫైల్) తగిలించి, లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండానే) బూట్ చేసి, రూట్ పార్టిషన్‌ను (ఉబుంటు ఉన్న డిస్క్ భాగం) మౌంట్ చేసుకుని, అంటే ఓ ఫోల్డర్‌కు తగిలించుకుని, అదే ఫైల్ దిద్దండి. షెల్‌లో 'బీఎల్‌కేఐడీ' కమాండ్ ఇచ్చి, వచ్చిన యూయూఐడీలను ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌తో పోల్చండి. డిస్క్ ఉండి నంబరు మారితే కొత్తది రాయండి. డిస్కే లేకపోతే ఆ వరుస మొదట్లో '#' పెట్టండి. రూట్ పార్టిషన్ వరుస జోలికి మాత్రం పోవద్దు. ఫైల్ సేవ్ కాకపోతే రూట్ పార్టిషన్ రీడ్ ఓన్లీగా (చదవడమే తప్ప రాయలేని స్థితిలో) ఉన్నట్టు. 'మౌంట్' కమాండ్‌తో రీడ్ రైట్‌గా రీమౌంట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

డిస్క్ ఒకసారి ఉండి, ఒకసారి లేకుండా పోయేదైతే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్క్ వరుస నాలుగో గడిలో 'డిఫాల్ట్స్' పక్కన కామా పెట్టి 'నోఫెయిల్' చేర్చమని అందరూ చెబుతారు. మంచి సలహానే, కానీ ఓ మెలిక ఉంది. డిస్క్ లేనప్పుడు కూడా మెషిన్ మామూలుగా లేస్తుంది. దాంతో ఆ డిస్క్‌లోకి రాయాల్సిన బ్యాకప్ స్క్రిప్టు, అది తగలాల్సిన ఖాళీ ఫోల్డర్‌లోకే రాసుకుంటూ పోయి, రూట్ డిస్క్‌ను నింపేస్తుంది. డేటాబేస్ ఉన్న డిస్క్‌కు నోఫెయిల్ పెట్టకపోవడమే మేలు. అది లేకుండా సర్వర్ లేవడం కంటే ఆగిపోవడమే నయం.

రీబూట్‌కు ముందు 'ఫైండ్‌ఎంఎన్‌టీ' (findmnt) కమాండ్‌ను వెరిఫై ఆప్షన్‌తో నడపండి. ఫైల్‌లోని పొరపాట్లను వరుసల వారీగా చెబుతుంది. 'మౌంట్' కమాండ్‌ను ఆల్ ఆప్షన్‌తో ఇచ్చి సరిపెట్టుకోవద్దు, నోఫెయిల్ ఉన్న వరుసలో డిస్క్ లేకపోయినా అది నోరెత్తదు.

అభ్యాసం: స్నాప్‌షాట్ తీసుకుని, 1 జీబీ డిస్క్ ఒకటి జోడించి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నమోదు చేయండి. మెషిన్ ఆపి ఆ డిస్క్ తీసేసి బూట్ చేయండి. స్నాప్‌షాట్‌కు వెనక్కి పోకుండానే బాగుచేయాలి. వచ్చే పాఠంలో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గరే ఆగే మెషిన్.