ఇంట్లో ఒకరికి గవదబిళ్లలు వస్తే: ఏది కనపడితే ఏం చెయ్యాలి

సమస్య: చెవి కింద వాచింది, పంటి వల్లా గవదబిళ్లలా అర్థం కావట్లేదు

ముందు రోజు నలతగా ఉండి అన్నం వద్దన్న పిల్లాడు పొద్దున్నే ఒక చెంప ఉబ్బి లేస్తాడు, ఇంట్లో అందరూ పిప్పి పన్నే అనుకుంటారు. వాడి వెనక నిలబడి చూడండి. గవదబిళ్లలైతే వాచిన వైపు చెవి తమ్మె కొంచెం పైకి, బయటికి లేచినట్టు ఉంటుంది, దవడ ఎముక మూల చేత్తో తడిమితే వాపులో కలిసిపోయి సరిగ్గా దొరకదు. పన్ను వల్లైతే నొప్పి ఆ పన్ను చుట్టూ, చిగురు దగ్గర ఉంటుంది. గవదబిళ్లలంటే మంప్స్ వైరస్ వల్ల చెవి ముందూ కిందా ఉండే లాలాజల గ్రంథి వాయడం. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పనిచెయ్యదు, మెడికల్ షాపులో అడిగి కొనకండి. కానీ ఒక్కసారి డాక్టర్‌కి చూపించడం మాత్రం మానొద్దు, ఎందుకంటే చర్మం ఎర్రబడి, నోట్లోకి చీము వస్తుంటే అది వేరే ఇన్ఫెక్షన్, దానికి యాంటీబయాటిక్ కావాలి. ఒక పక్క తగ్గుతోంది అనుకునేలోపు రెండో పక్క వాయొచ్చు, అది మామూలే, భయపడక్కర్లేదు.

సమస్య: ఏం పెట్టినా తినట్లేదు, ముద్ద నోట్లో పెట్టగానే చెవి పట్టుకుని ఏడుస్తున్నాడు

మా చిన్నోడు చారన్నం మొదటి ముద్దకే ఇలా ఏడిచాడు. కారణం పులుపు. పుల్లటిది నాలిక్కి తగలగానే లాలాజలం ఊరుతుంది, వాచిన గ్రంథి పిండినట్టయి ప్రాణం పోయినంత నొప్పి. అందుకే చింతపండు చారు, నిమ్మరసం, బత్తాయి జ్యూస్, ఆవకాయ, పుల్ల మజ్జిగ అన్నీ బంద్. జ్వరం వచ్చినోళ్ళకి జ్యూస్ పట్టుకెళ్ళడం మనకలవాటు కదా, చూడ్డానికొచ్చే చుట్టాలకి ముందే చెప్పెయ్యండి. నమలడం కూడా నొప్పే కాబట్టి మెత్తగా గుజ్జులా వండిన అన్నంలో పెసరకట్టు, నెయ్యి కలిపి పెట్టండి, లేదా పాలల్లో నానిన ఇడ్లీ, చల్లారిన రాగి జావ, కమ్మటి పెరుగు, అరటిపండు. నీళ్ళు కొంచెం కొంచెంగా తాగిస్తూనే ఉండాలి, పొద్దుటి నుంచీ ఒంటేలుకి పోకపోతే ఆగకుండా డాక్టర్ దగ్గరికెళ్ళండి.

జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్, పిల్లలకి బరువుని బట్టి డాక్టర్ చెప్పిన డోసే. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి అస్సలు వెయ్యకూడదు. తడి గుడ్డ వాపు మీద వేస్తే హాయిగా ఉంటుంది, చల్లగానైనా గోరువెచ్చగానైనా వాళ్ళకి ఏది బాగుంటే అది. మెడలో బంగారు గొలుసు వెయ్యమని పెద్దవాళ్ళు అంటారు, వేస్తే నష్టం ఏం లేదు, దానివల్ల వాపు తగ్గదు అంతే. కానీ సున్నం, ఆకు పసర్లు పూయడానికి ఒప్పుకోకండి, పిల్లల చర్మం కాలిపోవచ్చు.

సమస్య: ఇంట్లో మిగతావాళ్ళకి అంటుకుంటుందేమో

అంటుకుంటుంది. దగ్గు, తుమ్ము, ఉమ్మి, ఎంగిలి గ్లాసు ద్వారా. వాపు కనపడటానికి రెండు రోజుల ముందు నుంచే అంటించేస్తారు కాబట్టి ఇంట్లోవాళ్ళకి అప్పటికే తగిలి ఉండొచ్చు, అయినా వాపు మొదలైన రోజు నుంచి 5 రోజులు వేరే గదిలో పడుకోబెట్టి, గ్లాసు, కంచం, టవల్ విడిగా పెట్టి, స్కూలుకి పంపకుండా ఉంచండి. మిగతావాళ్ళకి బయటపడాలంటే 12 నుంచి 25 రోజులు పట్టొచ్చు, కాబట్టి వారం గడిచింది ఎవరికీ రాలేదులే అని నమ్మకండి.

ఇప్పుడు పిల్లల టీకా కార్డు తీసి చూడండి. ప్రభుత్వం ఉచితంగా వేసేది ఎమ్మార్ (MR), అది తట్టుకీ రుబెల్లాకీ మాత్రమే. గవదబిళ్లలకి పనిచేసేది ఎమ్మెమ్మార్ (MMR), మన దగ్గర అది ప్రైవేటులో వేయించుకోవాలి. అన్ని టీకాలూ వేయించాం కదా అని ధైర్యంగా ఉన్న చాలామంది ఇళ్ళల్లో ఈ ఒక్కటే ఉండదు, 2024లో కేరళలోనూ మన హైదరాబాద్‌లోనూ కేసులు పెరిగినప్పుడు డాక్టర్లు మళ్ళీ మళ్ళీ చెప్పింది ఇదే. ఇప్పటికే అంటుకుని ఉంటే ఈ టీకా దాన్ని ఆపలేదు, ముందు ముందు రాకుండా కాపాడుతుంది. గర్భంతో ఉన్నవాళ్ళు మాత్రం వేయించుకోకూడదు, వాళ్ళని రోగికి దూరంగా ఉంచి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

సమస్య: మగవాళ్ళకి వాపు తగ్గుతుండగా మళ్ళీ జ్వరం, కింద వృషణం వాచి నొప్పి

దీని గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తరు, అసలు ఇదే ముందు చెప్పాలి. వయసొచ్చిన అబ్బాయిలకీ మగవాళ్ళకీ వైరస్ అక్కడికీ పాకొచ్చు, చెంప వాచిన వారం అటూ ఇటూలో, ఎక్కువగా ఒక పక్కే. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు అమ్మకి చెప్పుకోలేక దుప్పటి కప్పుకుని పడుకుంటాడు, నాన్నో బాబాయో ముందే పక్కన కూర్చుని ఇలా జరగొచ్చు, జరిగితే చెప్పరా అనాలి. పడుకోవడం, కింద చిన్న టవల్ మడిచి ఎత్తు పెట్టడం, బిగుతు డ్రాయర్, గుడ్డలో చుట్టిన ఐసు, నొప్పి మాత్ర. అదే రోజు డాక్టర్‌కి చూపించాలి, ఎందుకంటే వృషణం మెలిపడినా ఇలాగే నొప్పొస్తుంది, దానికి గంటల్లోనే ఆపరేషన్ కావాలి. పిల్లలు పుట్టరేమో అని కుమిలిపోతారు, పూర్తిగా సంతానం లేకుండా పోవడం చాలా అరుదు.

సమస్య: వాపు కాకుండా ఇంకేదో తేడాగా ఉంది

తల పగిలిపోయే నొప్పి, మెడ బిగుసుకుపోయి గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం, మత్తుగా పడిపోవడం, ఫిట్స్ అంటే వైరస్ మెదడు పొరల దాకా వెళ్ళిందని అనుమానించాలి, రాత్రైనా సరే ఆసుపత్రికే. పొట్ట పై భాగంలో గట్టి నొప్పితో ఆగని వాంతులైతే క్లోమ గ్రంథి వాచి ఉండొచ్చు, అప్పుడూ అంతే. వినికిడి అరుదుగా దెబ్బతింటుంది, అదీ ఎక్కువగా ఒక చెవికే కాబట్టి పిల్లలు చెప్పరు, రెండో చెవితో నెట్టుకొచ్చేస్తారు. జ్వరం తగ్గాక ఒకసారి ఫోన్ తక్కువ సౌండ్‌లో ఈ చెవికీ ఆ చెవికీ పెట్టి చూడండి, తేడా చెప్తే ఈఎన్‌టీ డాక్టర్‌కి వెంటనే చూపించండి.