కొండవాగుల్లో, పరిశీలక బావుల్లో నీటి నమూనాలు: బయల్దేరే ముందు జాగ్రత్తలు

ఎగువన వాన పడుతుంటే వాగులోకి దిగొద్దు. మీరున్నచోట ఎండ కాస్తున్నా వరద నిమిషాల్లో వచ్చేస్తుంది. నీళ్లు ఉన్నట్టుండి బురదరంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా సామాను వదిలేసి గట్టెక్కండి. పరికరాలు మళ్లీ కొనుక్కోవచ్చు.

పరిశీలక బావిలో (భూగర్భజలాన్ని గమనించడానికి వేసిన గొట్టపుబావి) ముందు నీటిమట్టం కొలవండి, పంపు ఆ తర్వాతే. గొట్టంలో నిలవున్న నీటికి కనీసం మూడు రెట్లు తోడి, ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుత్ వాహకత నిలకడకొచ్చాక నమూనా పట్టండి. లేకపోతే మీ చేతికొచ్చేది గొట్టంలో మగ్గిన నీరే.

లోహాల పరీక్షకు పట్టే సీసాకు ముందు 0.45 మైక్రాన్ల ఫిల్టర్, తర్వాతే నైట్రిక్ ఆమ్లం. వరస తప్పితే మట్టిరేణువులకు అంటుకున్న లోహాలూ కరిగి లెక్కలో కలుస్తాయి. ఆ సీసా నైట్రేట్ పరీక్షకు పనికిరాదు, దానికి వేరే సీసా ఉండాలి.

ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) పరీక్షకు పట్టే సీసాలో గాలిబుడగ మిగలనీయొద్దు. నీరు కాస్త ఆవిరైనా వాటి నిష్పత్తి మారుతుంది.

వాగులో సీసాను మీ కాళ్లకు ఎగువన ముంచండి.

నీటిమట్టం కోసం పెట్టే పీడన లాగర్‌కు (పీడనాన్ని తనంతట తానే నమోదు చేసే పరికరం) బయటిగాలి అందించే గొట్టం లేకపోతే, గాలి పీడనానికి ఇంకో లాగర్ పెట్టండి. 1 హెక్టోపాస్కల్ తేడా దాదాపు 1 సెం.మీ. నీటిమట్టంగా కనిపిస్తుంది. రెండింటి గడియారాలూ కలిసేలా చూసుకోండి.