ఎండలు ముదరకముందే పల్స్ సరిగ్గ చూసుకునుడు నేర్చుకోండ్రి

మొన్న హన్మకొండల మా గల్లీ పెద్దమనిషికి పక్షవాతం కొట్టింది. బీపీ మనిషి, రోజు పొద్దుగాల చెయ్యి పట్టుకుని పల్స్ చూసుకునెటోడు, నోట్‌బుక్కుల రాసిపెట్టెటోడు, ఇంట్లోళ్లంత నార్మలే అనుకున్నరు. దవఖానల ఈసీజీ తీస్తే గుండె ఒక తీరుగ కొట్టుకుంటలేదని తేలింది. అట్ల కొట్టుకునే గుండెల రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతమే. ఆ నోట్‌బుక్కు చూస్తే అన్నీ 66, 72, 78, అంటే 6 ఎక్కమే. 10 సెకండ్లు లెక్కపెట్టి 6తో గుణించుడు!

ఈ ఒక్క తప్పు నేను మస్తు మంది దగ్గర చూసిన. 10 సెకండ్లల ఒక్క దెబ్బ అటిటు అయితే లెక్కల 6 తేడా వస్తది, అదన్న పోనీ, మధ్యల ఒక దెబ్బ ఎగిరిపోవుడు, రెండు దెబ్బలు దగ్గర దగ్గర పడుడు ఆ 10 సెకండ్లల దొరకకనే పోవచ్చు. నిండ నిమిషం లెక్కపెట్టాలె. అంకె ఎంతొచ్చింది అనేదే కాదు, దెబ్బకు దెబ్బకు నడుమ సందు ఒక్కతీరుగ ఉందా లేదా చూడాలె.

ఎండల ఒంట్ల నీళ్లు తగ్గితే పల్స్ పెరుగుతది. ఎనుమాముల మార్కెట్ల బస్తాలు మోసేటోళ్లు, రామగుండం, భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనులల చేసేటోళ్లు, మీ మామూలు పల్స్ ఎంతనో ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండ్రి, లేకపోతే రోహిణి కార్తెల పెరిగిందని ఎట్ల తెలుస్తది? పెద్దోళ్లకు ఊరికె కూసున్నప్పుడు 60 నుంచి 100 నడుమ ఉంటది. అటెనొలాల్, మెటొప్రొలాల్ అని బీపీకి, గుండెకు ఇచ్చే గోలీలు పల్స్‌ను తగ్గిస్తయి, అవి వేసుకునేటోళ్లకు ఒంట్ల నీళ్లు తగ్గినా పల్స్ అంత పెరగదు, 75 ఉంది కదా అని ఎండల తిరగకుండ్రి.

అరచెయ్యి మీదికి పెట్టి బొటనవేలు మొదలు కింద, మణికట్టు దగ్గర చూపుడువేలు, నడిమివేలు ఆనించాలె. బొటనవేలుతో చూడద్దు, దాంట్ల దాని నాడే కొట్టుకుంటది, ఇంకొకరిది చూసేటప్పుడు మీదే లెక్కపెడ్తరు. గట్టిగ ఒత్తితే నాడి దొరకదు.

నడిచొచ్చి ఎంటనే చూడద్దు, 5 నిమిషాలు కూసోండ్రి. చాయ్ తాగినంక, బీడీ తాగినంక అరగంట ఆగాలె. మాట్లాడుకుంట లెక్కపెట్టద్దు. మెడ మీద రెండు దిక్కులా ఒక్కసారి ఒత్తద్దు, కండ్లు తిరిగి పడిపోతరు, ముసలోళ్లయితే మెడ జోలికే పోవద్దు. చేతి వాచీ, వేలికి పెట్టే మిషన్ చూపించిన అంకె నమ్మి కూసోవద్దు, నాడి తప్పుతుంటే అవి గూడ తప్పు చూపిస్తయి. నిండ నిమిషం. తొందరున్నా నిమిషమే. సందు తప్పినట్టు అనిపిస్తే ఇంకో నిమిషం లెక్కపెట్టి, మళ్ల అట్లనే ఉంటే ఈసీజీ తీపియ్యండ్రి, రేపు మాపు అనద్దు. అంకె చూసి గోలీలు మీరే బంద్ చెయ్యద్దు, మీరే పెంచద్దు. దడతోని ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే లెక్కలు వద్దు, 108. ఒళ్లు కాలిపోయి మనిషి మాట పొంతన లేకుంటే నీడకు తెచ్చి నీళ్లతోని తడుపుతనే ఫోన్ చెయ్యాలె. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకున్నా పల్స్ మంచిగుందని ఇంట్ల పండబెట్టద్దు, గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల లోపలనే ఇస్తరు, ఎప్పుడు మొదలైందో టైం చూసుకుని బయలెల్లండ్రి.