రాయమంటే ఏడ్చే పిల్లలు: కారణం చేతిలోనే ఉందా?

సమస్య: ఆటిజం ఉన్న బాబు పాఠం అడిగితే గడగడా చెబుతాడు. నోట్‌బుక్ తీయగానే ఏడుపు. రెండు లైన్లకే చెయ్యి నొప్పి అంటాడు.

కారణం: ఇది బద్ధకం కాదు, మొండితనం అంతకన్నా కాదు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో కండరాల బిగువు తక్కువ, వేళ్ల కీళ్లు వదులు. ఏ కదలిక తర్వాత ఏది చేయాలో శరీరానికి వెంటనే అందదు. నడుము, భుజం నిలవకపోతే ఆ శ్రమంతా వేళ్ల మీదే పడుతుంది.

పరిష్కారం: అక్షరాల కన్నా ముందు కుర్చీ చూడండి. కాళ్లు వేలాడుతుంటే కింద పీట వేయండి. పెన్సిల్ బొటనవేలంత ముక్క చాలు. దాన్ని గుప్పిట పట్టడం కుదరదు కాబట్టి వేళ్లు సర్దుకుంటాయి. గోడకు కాగితం అంటించి నిలబడి బొమ్మలు గీయనిస్తే భుజం బలపడుతుంది. చపాతీ పిండి పిసకడం, బఠాణీలు ఒలవడం, తడి గుడ్డ పిండడం లాంటి పనులు రోజూ చేయించండి. చెన్నైలో బెసెంట్ నగర్ బీచ్‌కి వెళ్తే బకెట్లో తడి ఇసుక మోయించండి. ఇసుక తగిలితే ఓర్చుకోలేని పిల్లలుంటారు. వాళ్ల చేతికి చిన్న పార ఇవ్వండి, బలవంతం మాత్రం వద్దు.

చెన్నై బడుల్లో ఇంగ్లిష్, తమిళ లిపులు ఎలాగూ ఉంటాయి. ఇంట్లో తెలుగు రాత కొన్నాళ్లు ఆపినా నష్టం లేదు. తెలుగులో మాట్లాడటం, కథలు చెప్పడం మాత్రం ఆపకండి.

టీచర్లకు ఒక విన్నపం: ఇంపోజిషన్ రాయించకండి, జవాబు నోటితో చెప్పించుకోండి. ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో అర్హులైన పిల్లలకు 3 గంటల పేపర్‌కి మరో గంట, అవసరమైతే రాసిపెట్టే మనిషినీ ఇస్తారు. దీని గురించి పదో తరగతి దాకా ఆగకుండా ముందే స్కూల్లో మాట్లాడండి.

సమస్య: పాప చొక్కా గుండీలు సొంతంగా పెట్టుకోలేకపోతోంది.

పరిష్కారం: గుండీని సగం దూర్చి మీరు ఆగండి, చివరగా లాగే పని పాపకి వదలండి. అది వచ్చాక దాని ముందు మెట్టు కూడా పాపకే వదలండి, అలా ఒక్కో మెట్టు వెనక్కి రండి. పెద్ద గుండీలతో మొదలుపెట్టండి. బడికి టైమైపోతుండగా కాదు, సాయంత్రం తీరిగ్గా నేర్పండి.

సమస్య: మూడేళ్లు దాటినా మునివేళ్ల మీదే నడక.

ఇందులో ఇంటి చిట్కాలతో సరిపెట్టకండి. అలాగే వదిలేస్తే పిక్క కండరాలు బిగుసుకుపోవచ్చు. పిల్లల డాక్టర్‌కి, ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి. చెన్నై దగ్గర ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ముట్టుకాడులో, ఒకటికి మించి వైకల్యాలున్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నీప్‌మెడ్ ఉంది. వెళ్లేటప్పుడు చెప్పుల్లేకుండా నడుస్తున్న వీడియో ఒకటి ఫోన్‌లో తీసుకెళ్లండి, డాక్టర్ ముందు పిల్లలు ఇంట్లోలా నడవరు.