ఆగిన మోటారు వేరు, ఆపిన మోటారు వేరు: షట్‌డౌన్ ముందు బెల్టు డ్రైవుల జాగ్రత్తలు

పోయిన వారం మాకు తెలిసిన ఒక ప్లాంటులో ఒక కుర్ర ఫిట్టరుకి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. కంప్రెసర్ బెల్టు. సంగతి తెలియగానే నేను అడిగింది బెల్టు మీద ఉండే మూత, అదే గార్డు, గురించి కాదు. "అది ఆగి ఉందా, ఆపారా?" అని అడిగాను. ఆగి ఉందట. ట్యాంకు నిండింది, ప్రెషర్ స్విచ్ మోటారును ఆపేసింది, చప్పుడు లేదు, పొద్దుటి నుంచి బెల్టు కీచుమంటోంది కదా ఓసారి చూద్దామని గార్డు పక్కకు జరిపి బొటనవేలితో నొక్కాడు. అప్పుడే అవతల ఎవరో గాలి వాడుకున్నారు, ప్రెషర్ పడిపోయింది, మోటారు తన పని తాను చేసింది. ఎవరూ బటన్ నొక్కలేదు.

ప్లాంటు ఆపి రిపేర్లు చేసే పెద్ద షట్‌డౌన్ దగ్గర పడింది కాబట్టి ఇది రాస్తున్నాను. హెల్మెట్ పెట్టుకోండి, ఉంగరాలు తీయండి, చొక్కా చేతులు వదులుగా ఉంచకండి లాంటివి గేటు దగ్గర బోర్డు మీదే ఉంటాయి, వాటి జోలికి నేను పోను. నేను చూసిన ప్రమాదాల్లో చాలావరకు ఒకే పొరపాటు. ఆగిన మోటారును చూసి ఆపిన మోటారు అనుకోవడం.

ఈ పనిలో ఉన్నవాడు మూడింటికి తేడా తెలుసుకోవాలి. ఆగిన మోటారు అంటే దాని కారణాలతో అది ఆగింది, ఆ కారణం తీరిపోతే మళ్లీ తిరుగుతుంది. ఆపిన మోటారు అంటే మీరు స్టాప్ బటన్ నొక్కారు, మోటారుకి కరెంటు కలిపే స్విచ్, అంటే కాంటాక్టరు, వదిలింది, కానీ కాంటాక్టరు పైవైపు దాకా కరెంటు అలాగే ఉంది, ఇంకొకరు స్టార్ట్ నొక్కితే చాలు. తాళం వేసిన మోటారు అంటే సప్లైని పూర్తిగా విడగొట్టే ఐసోలేటర్ స్విచ్ దించి, దానికి మీ తాళం పెట్టి, తాళంచెవి మీ జేబులో పెట్టుకుని, టెర్మినల్స్ దగ్గర కరెంటు లేదని పరీక్షించినది. చెయ్యి పెట్టేది మూడోదానిలోనే. మొదటి రెండింటిలో పెట్టకూడదు, "ఒక్క నిమిషం పనే" అయినా సరే, అసలు ఒక్క నిమిషం పనుల్లోనే వేళ్లు పోయేది.

దానంతట అదే ఎలా తిరుగుతుంది

ఈ ప్రశ్న కొత్తవాళ్లు అడుగుతారు, పాతవాళ్లు అడగరు, అందుకే దెబ్బలు పాతవాళ్లకే ఎక్కువ తగులుతాయి అనిపిస్తుంది నాకు.

కంప్రెసరుకి ప్రెషర్ స్విచ్, పంపుకి ఫ్లోట్ స్విచ్, చిల్లర్ ఫ్యానుకి థర్మోస్టాట్. లోడు ఎక్కువైతే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ఆటో రీసెట్‌లో ఉంటే ట్రిప్ అయిన మోటారు చల్లారగానే రిలే మళ్లీ కలుపుతుంది, ఆటో మోడ్‌లో ఉన్న మోటారుకి అంతే చాలు. వైండింగులో ఉండే థర్మల్ ప్రొటెక్టర్లలోనూ కొన్ని చల్లారగానే వాటంతట అవే కలిసిపోతాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు సెలెక్టర్ స్విచ్ ఆటోలో ఉన్న మోటార్లన్నీ వరుసగా లేస్తాయి. కంట్రోల్ రూములో కూర్చున్న మనిషికి మీరు కన్వేయర్ కింద ఉన్నట్టు కనిపించదు. మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ డబ్బా (వీఎఫ్‌డీ) స్క్రీన్ మీద 0 అని చూపిస్తుంటే అది ఆఫ్‌లో ఉన్నట్టు కాదు, వేగం సున్నా అడిగారు కాబట్టి సున్నా ఇస్తోంది, అంతే.

కరెంటుతో సంబంధం లేకుండా తిరిగేవి వేరే ఉన్నాయి. ఒకే డక్టుకి రెండు ఫ్యాన్లుంటే, ఒకటి నడుస్తుంటే దాని గాలికి రెండోది వెనక్కి తిరుగుతుంది. ఏటవాలు కన్వేయర్ మీద సరుకు ఉండగా బ్రేక్ గానీ, వెనక్కి తిరగనివ్వని బ్యాక్‌స్టాప్ గానీ వదిలితే బెల్టు కిందికి జారుతుంది. ఫ్లైవీల్ (బరువైన చక్రం) ఉన్న యంత్రం స్విచ్ తీశాక కూడా చాలాసేపు తిరుగుతుంది. వీటికి తాళం ఒక్కటే చాలదు, రెక్కను కట్టాలి లేదా కొయ్య దిమ్మ అడ్డం పెట్టాలి, సరుకు దించాలి.

ఇంకో సంగతి. ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీ దీపాల కింద తిరుగుతున్న పుల్లీ ఒక్కోసారి నిలబడినట్టు కనిపిస్తుంది. కళ్లు మోసం చేస్తాయి, చెవులు పక్క యంత్రాల రొదలో పనిచేయవు.

"చెయ్యి లాగేసుకుంటాంలే" అనేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. 1440 ఆర్‌పీఎం మోటారుకి 200 మి.మీ. పుల్లీ ఉంటే బెల్టు సెకనుకి 15 మీటర్ల వేగంతో పోతుంది. మనిషి ఉలిక్కిపడి చెయ్యి కదిపేందుకు పావు సెకను వేసుకోండి. ఆ పావు సెకనులో బెల్టు దాదాపు నాలుగు మీటర్లు పోతుంది. పుల్లీకీ వేలికీ మధ్య దూరం ఎంత?

తాళం వేసే పద్ధతి

ప్యానెల్లో ఫీడర్ (మోటారుకి కరెంటు పోయే లైను) మీద రాసిన పేరు నమ్మకండి. ప్యానెల్ మార్చినప్పుడు పాత స్టిక్కర్లు అలాగే ఉండిపోతాయి. ఐసోలేటర్ దించి తాళం వేశాక మోటారు దగ్గరికి వెళ్లి స్టార్ట్ బటన్ నొక్కి చూడండి, లేవకూడదు. అయితే ఆటోలో ఉన్నదీ, ఇంటర్‌లాక్ (వేరే షరతు తీరితేనే లేవనిచ్చే అడ్డు) పడినదీ మామూలుగానే లేవవు కాబట్టి, లేవలేదు కదా అని సరిపెట్టుకోకూడదు. టెస్టరును ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందో లేదో చూడండి, తర్వాత మోటారు టెర్మినల్స్ మీద మూడు ఫేజులూ ఒకదానికొకటి, ఎర్తుకి కూడా చూడండి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడండి. మూడోసారి ఎందుకంటే, మధ్యలో టెస్టర్ చచ్చిపోతే "కరెంటు లేదు" అనే చూపిస్తుంది.

టెర్మినల్ బాక్సులో రెండు సన్న వైర్లు కనిపిస్తే అవి హీటరువి అయ్యుండచ్చు. చెమ్మ పట్టకుండా పెట్టే ఈ హీటర్ మోటారు ఆగి ఉన్నప్పుడే పనిచేస్తుంది, దాని సప్లై వేరే చోటి నుంచి వస్తుంది, మెయిన్ ఐసోలేటర్ దించినా అది బతికే ఉంటుంది. వీఎఫ్‌డీ డ్రైవ్ ఉంటే స్విచ్ తీశాక డబ్బా మీద రాసినంతసేపు ఆగాలి, కెపాసిటర్లలో చార్జి ఉంటుంది; 415 వోల్టుల సప్లై మీద లోపలి డీసీ 580 వోల్టుల పైనే.

ఒక్కొక్కరిదీ ఒక్కో తాళం. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు పడాలి. "నాది వేశాలే, నువ్వు కానియ్" అన్నవాడు టీకి వెళ్లి అక్కణ్నుంచి తాళం తీయమని కబురు పంపిస్తాడు.

తాళం వేశాక కూడా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. నా ఎడమచేతి చూపుడువేలి గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది. ఆ రోజు కరెంటు లేదు, తాళం ఉంది, చెవి నా జేబులోనే ఉంది. కొత్త బెల్టును పుల్లీ గాడిలో కూర్చోబెడుతూ నేను "కొంచెం" అన్నాను, అవతల హెల్పర్ "తిప్పమంటున్నాడు" అనుకుని ఫ్యాను రెక్క పట్టి లాగాడు. బెల్టుతో పాటు వేలు కూడా గాడిలోకి వెళ్లింది. అప్పటి నుంచి మా దగ్గర రూలు: తిప్పేది ఎవరైతే "చేతులు తీశావా" అని అడగాలి, "తీశాను" అని వినపడ్డాకే తిప్పాలి. బెల్టును పట్టుకుని పుల్లీని తిప్పడం అసలే వద్దు, తిప్పాలంటే ఫ్యానునో కప్లింగునో పట్టుకోండి.

బెల్టు సరిగ్గా ఉంటే చెయ్యి పెట్టే అవసరమే రాదు

ఆ కుర్రాడు ఎందుకు చెయ్యి పెట్టాడు? కీచుమంటోందని. ఎందుకు కీచుమంది? కొత్త బెల్టు వేసి ఒకసారి బిగించి వదిలేశారు. కొత్త వి-బెల్టు మొదటి రోజుల్లో సాగుతుంది, గాడిలో సర్దుకుంటుంది, అందుకే 24 నుంచి 48 గంటలు నడిచాక మళ్లీ బిగింపు చూడాలి. ఇది చాలామంది ఎగ్గొడతారు.

ఎంత బిగించాలి అంటే, రెండు పుల్లీల మధ్య బెల్టు నిడివి మీటరుంటే మధ్యలో నొక్కినప్పుడు 16 మి.మీ. దిగాలి, 600 మి.మీ. ఉంటే పదికి కొంచెం తక్కువ. ఎంత బలంతో నొక్కాలో బెల్టు సెక్షన్‌ను బట్టి తయారీదారు పట్టికలో ఉంటుంది, దానికి చిన్న స్ప్రింగ్ గేజ్ దొరుకుతుంది. బొటనవేలు గేజ్ కాదు. వదులైతే జారి వేడెక్కుతుంది, మరీ బిగిస్తే పుల్లీ వైపు బేరింగు పోతుంది, రెండోది ఇంకా ఖరీదైన తప్పు.

గార్డు తీయకుండానే చాలా తెలుస్తుంది. గార్డు కింద నల్లటి రబ్బరు పొడి రాలుతోందంటే బెల్టు ఒరుసుకుంటోంది, అలైన్‌మెంట్ పోయింది లేదా గాడి అరిగింది. బెల్టులు మార్చేటప్పుడు గాడి అడుగు చూడండి, అద్దంలా మెరుస్తుంటే బెల్టు అడుగుకి తగులుతోందని అర్థం. పట్టు ఉండాల్సింది పక్క గోడల మీద, అడుగున కాదు. గాడి పక్కలు సుమారు 0.8 మి.మీ. లోపలికి అరిగితే పుల్లీ మార్చాల్సిందే, అందులో ఎన్ని కొత్త బెల్టులు వేసినా వాటికీ అదే గతి. ఒకే పుల్లీ మీది నాలుగు బెల్టుల్లో ఒకటి తెగితే ఒక్కటే మార్చకండి, పాతవి సాగిపోయి ఉంటాయి, లోడంతా కొత్తదాని మీదే పడుతుంది. సెట్టు మొత్తం మార్చండి.

స్క్రూడ్రైవరుతో బెల్టును పుల్లీ మీదికి ఎక్కించకండి. మోటారు బోల్టులు వదులు చేసి స్లైడ్ రైలు మీద ముందుకు జరిపి వేయండి. స్క్రూడ్రైవర్ లోపలి తాళ్లను తెంచుతుంది, బయటికి ఏమీ కనపడదు, నెల తిరక్కుండా తెగుతుంది. అప్పుడు మళ్లీ ఎవడో "ఒక్క నిమిషం" అంటూ వెళ్తాడు.

ఇక మోటారు సంగతి, వరుసగా చెప్పేస్తాను.

గ్రీజు ఎక్కువైతే మంచిదనే భ్రమ వదలండి. గ్రాముల లెక్క ఉంది, బేరింగు బయటి వ్యాసం, వెడల్పు మి.మీ.లలో గుణించి 0.005తో గుణించాలి. 6309 బేరింగుకి 100, 25, కాబట్టి 12.5 గ్రాములు. మీ గన్ను ఒక్క నొక్కుకి ఎన్ని గ్రాములు కక్కుతుందో ఒకసారి కాగితం మీద కొట్టి తూచి, గన్ను మీదే రాసిపెట్టుకోండి.

కింద డ్రెయిన్ ప్లగ్ తీయకుండా గ్రీజు కొట్టకండి. లోపలికి పోయి వైండింగు మీద కూర్చుంటుంది.

లిథియం గ్రీజు మీద పాలీయూరియా గ్రీజు వేయకండి. చాలాసార్లు రెండూ కలిసి నీరుగారి కారిపోతాయి.

మోటారు ఒంటి మీద వేడి పోవడానికి ఉండే ఫిన్నుల మధ్య దుమ్ము తీయండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సగానికి పడిపోతుంది, దుమ్ము తీయడం కన్నా తేలికైన రిపేరు ఇంకోటి లేదు.

మూడు ఫేజుల వోల్టేజి రాసుకోండి. 415, 410, 396 ఉంటే సగటు 407, ఎక్కువ తేడా 11, అంటే 2.7 శాతం. చూడటానికి చిన్నదే కానీ మోటారు వేడెక్కడం సుమారు 15 శాతం పెరుగుతుంది. తేడా 1 శాతం లోపు ఉండాలి.

మోటారు లేవకుండా మూలుగుతుంటే మళ్లీ మళ్లీ స్టార్ట్ కొట్టకండి. ఒక ఫేజు పోయుంటుంది.

ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతోందని సెట్టింగ్ పెంచినవాడు రేపు రీవైండింగ్ ఖర్చు కట్టాలి. ట్రిప్ ఎందుకైందో చూడండి.

ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ వేసే ముందు డ్రైవ్ వైర్లు విప్పండి, లేకపోతే డ్రైవ్ పోతుంది. వేశాక వైండింగును ఎర్తుకి తగిలించి డిశ్చార్జ్ చేయండి. అంతకు ముందు ముట్టుకోవద్దు.

బెల్టు లేకుండా మోటారు ట్రయల్ చూస్తే షాఫ్టు కీని (పుల్లీని షాఫ్టుకి పట్టి ఉంచే ఇనుప ముక్క) తీసేయండి, లేదా గట్టిగా కట్టండి. విడి కీ ఎగిరితే తూటానే.

బెల్టు మీద జారకుండా ఏ పొడీ, ఏ జిగురూ వేయకండి. తిరుగుతున్నప్పుడు అసలే వద్దు.

బేరింగును సుత్తితో కొట్టి ఎక్కించకండి. వేడిచేసి వేయండి, 110 డిగ్రీలు దాటకండి, గ్యాస్ మంట వద్దు.

గార్డు లేకుండా ట్రయల్ లేదు. ఎవరు తొందరపెట్టినా లేదు.

ఇంకొకరి తాళం కోయకండి. మనిషి ఇంటికెళ్లిపోయాడన్నా సరే, ఫోన్ చేసి అతని గొంతు వినండి, సూపర్‌వైజర్ వచ్చి యంత్రం చుట్టూ తిరిగి చూడాలి.

షిఫ్టు మారితే తాళం కూడా మారాలి. వచ్చేవాడి తాళం పడ్డాకే వెళ్లేవాడి తాళం తీయాలి.

గార్డు బిగించి, పనిముట్లు లెక్కపెట్టుకుని, అందరూ బయటికొచ్చారో లేదో పేరుపేరునా పిలిచి చూశాకే తాళం తీయండి. తర్వాత 24 గంటలకు బిగింపు చూడటానికి వెళ్తారు కదా, అప్పుడు ఆ మోటారు ఆగే ఉంటుంది. తాళం మళ్లీ పట్టుకెళ్లండి.