పశు ప్రదర్శనలో దూడను మీ పిల్లల చేత పట్టించాలంటే ఎలా?

పోయిన సంక్రాంతికి మా పక్కూళ్ళో జరిగిన ఒంగోలు జాతి పశు ప్రదర్శనలో, పాలపళ్ళ విభాగంలో (ఇంకా పాలపళ్ళు ఊడని దూడల పోటీ) మా కోడెదూడ గోపికి రెండో బహుమతి వచ్చింది. పలుపు పట్టుకుని తిప్పింది మా పెద్దమ్మాయి, ఎనిమిదో తరగతి. అప్పటి నుంచి కనపడ్డవాళ్ళందరూ "ఏం పెట్టారమ్మా దూడకి, అంత నిగనిగలాడింది" అనే అడుగుతున్నారు. ఏం పెట్టామో తర్వాత చెబుతాను. అంతకుముందు ఏడాది ఇంతకన్నా మంచి దూడను తీసుకెళ్ళి ఎలా నవ్వులపాలయ్యామో ముందు వినండి.

దాని పేరు భీముడు. ఇంటి దగ్గర మా మామయ్యగారి వెనకాలే కుక్కపిల్లలా తిరిగేది. అందుకని దానికి వేరే అలవాటు ఏం చేయాలిలే అనుకున్నాం. అక్కడ మైకులో మా నంబరు పిలవడం, పక్కనే డప్పులు మోగడం ఒకేసారి జరిగాయి, అది ఒక్క ఉదుటున లేచి మా తోడికోడలి కొడుకుని పది గజాలు ఈడ్చుకుపోయి కొబ్బరిబోండాల బండి దగ్గర ఆగింది. ఎలాగో పట్టుకొచ్చి నిలబెడితే జడ్జీగారు పళ్ళు చూద్దామని మూతి మీద చెయ్యేశారు, అంతే, మళ్ళీ గెంతు. పిల్లాడి మోచేతులు దోక్కుపోయాయి. దూడలో లోపం లేదు, దాన్ని ఎవరూ కుదురుగా చూడనే లేదు.

కాబట్టి వారం ముందు దూడను కడగడం మొదలుపెడితే కుదరదు. సంక్రాంతికి ప్రదర్శన అంటే దసరాకే పని మొదలుపెట్టాలి.

ముందు దూడను ఎంచుకోండి

మన ఇంట్లో ఉన్న దూడ మనకు ముద్దే, కానీ జడ్జీ చూసేది జాతి లక్షణాలు. ఒంగోలు పశువు అంటే ఒళ్ళు తెలుపు, వెంట్రుకల కింద తోలు మాత్రం నలుపు. కంటి చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి వలయం ఉండాలి, ముట్టె, గిట్టలు, తోకకుచ్చు నల్లగా ఉండాలి. కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా, బయటికీ వెనక్కీ పోవాలి. గంగడోలు, అంటే మెడ కింద వేలాడే తోలు, మడతలు మడతలుగా బొడ్డుదాకా దిగాలి. మూపురం రెండు పక్కలా నిండుగా, ఓ పక్కకు వాలకుండా నిలబడాలి. మగవాటికి తల మీద, మెడ మీద, మూపురం మీద ముదురు బూడిద రంగు వస్తుంది, అది తప్పు కాదు, అందమే. అదే రంగు వెనక భాగంలో ఉంటే మాత్రం లోపం కింద లెక్క. ఒంటి మీద ఎర్ర మచ్చలు, తెల్ల కనురెప్పల వెంట్రుకలు, ఎర్రటి ముట్టె, తెల్లటి తోకకుచ్చు ఉంటే ఎంత బలిసిన దూడైనా పెట్టుకోకండి, పిల్లల శ్రమ వృథా.

ఇవన్నీ చదివితే తలకెక్కవు. వీలైతే పిల్లల్ని ఒకసారి గుంటూరు దగ్గర లాం పశు పరిశోధనా ఫారానికో, ప్రకాశం జిల్లా చదలవాడ పశుక్షేత్రానికో తీసుకెళ్ళి మంచి గిత్తల్ని వరసగా చూపించండి. మా అమ్మాయి అక్కడి నుంచి వచ్చాక మా కొట్టంలో ఉన్న ప్రతిదానికీ మూపురం వాలిందా లేదా అని చెబుతూ వాళ్ళ తాతయ్యతో వాదన పెట్టుకుంది.

పళ్ళ లెక్క దగ్గర మోసపోకండి

మన దగ్గర విభాగాలు వయసుతో కాదు, పళ్ళతో: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. పశువుకి పై దవడలో ముందుపళ్ళు ఉండవు, కింద ఎనిమిది ఉంటాయి. సుమారు రెండు, రెండున్నర ఏళ్ళప్పుడు మధ్యలోవి రెండూ ఊడి, వెడల్పాటి కొత్త పళ్ళు వస్తాయి. పాలపళ్ళ విభాగంలో ఇంకా పళ్ళు ఊడని పెద్ద దూడ ఉంటే ఒడ్డూపొడుగులో దానిదే పైచెయ్యి. అందుకే చాలామంది అంచున ఉన్నదాన్ని పట్టుకొస్తారు. ఇది జూదం లాంటిది. మా ఊళ్ళో ఒకాయన దూడకు ప్రదర్శన నాలుగు రోజులుందనగా పన్ను ఊడింది, రెండు పళ్ళ విభాగంలో తనకన్నా ఏడాది పెద్దవాటి మధ్య నిలబెట్టాల్సొచ్చింది. నా మట్టుకు నేనైతే ఏడాది, ఏడాదిన్నర మధ్య దూడనే పిల్లల చేతికిస్తాను. పన్ను భయం ఉండదు, పిల్లలు ఆపగలిగే బరువులో ఉంటుంది.

ఇంకో మాట, పెద్ద గిత్తల్ని, ఆబోతుల్ని పిల్లల చేతికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వొద్దు. ఎంత సాధువైనా సరే.

పలుపు అలవాటు చేయడం (అసలు పని ఇదే)

మొదటి వారం ఊరికే కట్టేసి ఉంచి, పట్టుకోబోయే పిల్లే రోజూ రెండు పూటలా మేత వేయాలి, నీళ్ళు పెట్టాలి. నాన్న వేస్తే కుదరదు, తాతయ్య వేస్తే కుదరదు. దూడకు ఆ పిల్ల వాసన, గొంతు తెలియాలి. గంగడోలు కింద గోకితే దూడ మెడ చాపి కళ్ళు సగం మూస్తుంది చూడండి, అప్పుడు అది మీ మాట వినే స్థితికి వచ్చినట్టు.

రెండో వారం నుంచి నడక. పొద్దున బడికి వెళ్ళేముందు ఇరవై నిమిషాలు చాలు. మనిషి దూడకు దాపల పక్కన, అంటే ఎడమ వైపు, మెడకు సమానంగా నడవాలి. ముందు నడిచి లాగితే దూడ కాళ్ళు తన్నిపట్టి మొండికేస్తుంది. అది ఆగితే మీరూ ఆగండి, పలుపు బిగపట్టి ఉంచండి, ఒక్క అడుగు వేయగానే వదులు చేయండి. ముందుకొస్తే సుఖం అని దానికి అర్థమవడానికి మా గోపికి తొమ్మిది రోజులు పట్టింది. కర్రతో కొట్టినవాళ్ళ దూడలు కర్ర కనపడితేనే నడుస్తాయి, ప్రదర్శనలో కర్ర చూస్తే బెదిరి పక్కకి జరుగుతాయి.

ఇది మాత్రం పిల్లలకు పదిసార్లు చెప్పండి: పలుపును చేతికి గానీ నడుముకు గానీ చుట్టుకోకూడదు. మిగిలిన తాడును మడతలుగా పెట్టి గుప్పిట్లో పట్టుకోవాలి, దూడ ఉరికితే వదిలేయాలి. దూడ ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరు పట్టుకుంటారు. భీముడి రోజు మా పిల్లాడు పలుపును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు, అందుకే ఈడ్చుకుపోయింది.

నడక వచ్చాక నిలబడటం. నాలుగు కాళ్ళూ నిలువుగా, ముందుకాళ్ళు కాస్త ఎత్తు నేల మీద ఉండేలా ఆపితే నడుము తిన్నగా, ఛాతీ నిండుగా కనపడుతుంది. రెండు నిమిషాలతో మొదలుపెట్టి పది నిమిషాల దాకా పెంచండి. రోజూ ఒకసారి పెదవి ఎత్తి పళ్ళు చూడండి, గిట్టలు ఎత్తి చూడండి, తోక పట్టుకోండి. ఇంట్లోవాళ్ళే కాదు, దారిన పోయే మామయ్యనీ బాబాయినీ పిలిచి చేయించండి, ఎందుకంటే జడ్జీ దూడకు కొత్తమనిషి.

శబ్దాల సంగతి. మేం సెల్‌ఫోన్‌లో డప్పుల వీడియో పెట్టి కొట్టంలో ఓ మూల ఉంచేవాళ్ళం, రోజురోజుకీ శబ్దం పెంచుతూ. తర్వాత సాయంత్రాలు రామాలయం దగ్గర మైకు మోగేటప్పుడు ఆ వీధిలో తిప్పడం. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. నవ్వనివ్వండి.

అమెరికాలో కౌంటీ ఫెయిర్లలో, అంటే అక్కడి జిల్లా సంతల్లో, ఫోర్-హెచ్ అనే పిల్లల సంఘం వాళ్ళకు షోమ్యాన్‌షిప్ అని ఒక పోటీ ఉంటుంది, అందులో మార్కులు పశువుకు కాదు, దాన్ని పట్టుకున్న పిల్లకి. ఎంత చక్కగా నడిపించింది, జడ్జీ అడిగినదానికి ఏం చెప్పింది అని చూస్తారు. మన దగ్గర కూడా అలాంటిది పెడితే ఎంత బాగుండు అనిపిస్తుంది. మన జడ్జీలు కూడా దూడ తల్లి ఏది, ఏం మేపుతున్నారు అని అడుగుతుంటారు, ఆ జవాబులు పిల్లల నోటివెంటే రానివ్వండి, మనం వెనక నుంచి అందించకూడదు.

మేత, మందులు

ఇక అందరూ అడిగేది. రహస్యం ఏమీ లేదు. జొన్న చొప్ప, దొరికినన్నాళ్ళు పచ్చి పిల్లిపెసర, ఉడికించిన ఉలవలు, తవుడు, కాస్త తెలగపిండి, డాక్టరు చెప్పిన ఖనిజ లవణాల పొడి. దాణా ఏదైనా గుప్పెడుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ప్రదర్శన దగ్గరపడిందని ఒక్కసారిగా ఉలవలు దట్టిస్తే కడుపుబ్బరం వస్తుంది, దూడే పోవచ్చు.

నట్టల మందు బరువును బట్టి వేయాలి కదా, కాటా లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో, భుజం మొన నుంచి వెనక తోక మొదలు పక్కన పొడుచుకొచ్చే ఎముక దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 50, పొడవు 45 అనుకోండి, సుమారు 170 కిలోలు. పదిహేను రోజులకోసారి ఈ లెక్క వేసి పుస్తకంలో రాసే పని పిల్లలకు అప్పజెప్పండి, లెక్కల మాస్టారు కూడా సంతోషిస్తారు.

గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేయించాలి. ప్రదర్శనకు కనీసం మూడు వారాల ముందే టీకాలు అయిపోవాలి, మందు ఒంటికి పట్టడానికి ఆ మాత్రం సమయం కావాలి. గొంతువాపు, ఒంటి మీద గడ్డలు లేచే లంపీ స్కిన్ జబ్బు సంగతి పశువుల డాక్టరును అడగండి. చెవికి పన్నెండు అంకెల ట్యాగు లేకపోతే అప్పుడే వేయించేయండి, ఎంట్రీ రాసేటప్పుడు ఆ నంబరు అడగొచ్చు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు జెరాక్సులు కూడా ఓ కవర్లో పెట్టుకుంటే పరుగులు తప్పుతాయి.

కడగడం

తెల్ల దూడకు శత్రువు తొడల మీద పడే పసుప్పచ్చ మరక. పేడలో, మూత్రంలో పడుకోకుండా రోజూ పొడి గడ్డి పరిస్తే సగం పని అయిపోయినట్టే. వారానికోసారి కుంకుడుకాయ రసం, కొబ్బరి పీచు, ఎండలో ఆరబెట్టడం. బట్టల సబ్బు పొడి వాడితే తోలు పొట్టు లేస్తుంది.

తెలుపు మెరుస్తుందని ఎవరో చెబితే మా ఆయన ఒకసారి బకెట్‌లో నీలిమందు కలిపి పోశారు. ఎక్కువైంది. మూపురం ఒక రంగు, డొక్కలు ఒక రంగు. మా చిన్నది "నాన్నా, దూడ కృష్ణుడి వేషం వేసింది" అంది. నాలుగు రోజులు కడిగితే గానీ పోలేదు. ముట్టెకు మసి పూయడం, తోకకుచ్చుకు రంగు వేయడం లాంటివి కూడా చేయొద్దు, తడిగుడ్డతో తుడిస్తే దొరికిపోతారు. కొమ్ములకు, గిట్టలకు మాత్రం చుక్క ఆముదం రాయండి. ఒంటికి నూనె వద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

ఆ రోజు

బండి ఎక్కించడం కూడా ముందే రెండుసార్లు చేయించి ఉండాలి. గట్టు పక్కన బండి ఆపి, బండి లోపల అడుగున గడ్డి, దాని మీద గోనెపట్టా పరిస్తే కాలు జారదు. తెల్లవారుజామునే బయలుదేరండి, ఎక్కే ముందు దాణా పెట్టకండి, చొప్ప చాలు. మీ చొప్ప, మీ బకెట్ మీరే పట్టుకెళ్ళండి. చాలా దూడలు కొత్త నీళ్ళు తాగవు, అందుకని వారం ముందు నుంచీ ఇంటి నీళ్ళలోనే చిన్న బెల్లం ముక్క కలపడం అలవాటు చేస్తే అక్కడి నీళ్ళలోనూ అదే బెల్లం వేసి తాగించొచ్చు. మేం మొదటి ఏడాది ఈ సంగతి తెలియక మధ్యాహ్నం దాకా దూడను నీళ్ళు లేకుండా ఎండబెట్టాం.

అలంకారం తక్కువ పెట్టండి. మెడకు మువ్వల పట్టెడ ఒకటి బాగుంటుంది, గంగడోలు, మూపురం కప్పేలా పూలదండలు వేస్తే జడ్జీ చూడాల్సినవే కనపడవు. పిల్లలకు చెప్పులు కాదు, కాలిని పూర్తిగా కప్పే బూట్లు వేయించండి, గిట్ట కింద వేలు పడితే ఏడుపు ఆగదు. లోపలికి వెళ్ళాక ముందున్న దూడకు రెండు బారల దూరం ఉంచమనండి, చూపు జడ్జీ మీద ఉంచమనండి. మీరు మాత్రం తడికె బయటే ఉండి నోరు మూసుకోండి. అన్నిటికన్నా కష్టమైంది ఇదే, మా మామయ్యగారిని ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.

ఇంటికొచ్చాక

పదూళ్ళ పశువుల మధ్య నిలబడి వచ్చింది కాబట్టి మూడు వారాల పాటు మిగతావాటికి దూరంగా కట్టేయండి, గోలెం వేరు, మేత వేరు. నోట్లో పుళ్ళు, గిట్టల మధ్య పుళ్ళు, జ్వరం, ఒంటి మీద గడ్డలు ఏమైనా వస్తున్నాయేమో రోజూ చూడండి. గోపి మూడో రోజు నుంచే వాళ్ళమ్మ కనపడినప్పుడల్లా అరవడం మొదలుపెట్టింది. మా అమ్మాయి వచ్చి "పాపం అమ్మా, ఒక్క పూట విప్పుదాం" అని బతిమాలింది. క్యాలెండర్‌లో ఇరవై ఒకటో రోజుకు సున్నా చుట్టి, దాని చేతికి కుంకుడుకాయలు ఇచ్చి పంపించాను.