పొద్దు వాలాక దిబ్బల్లోకి వెళ్ళకండి

మొన్ననే మరో తెరచాప పడవ పగడపు దిబ్బ ఎక్కింది. అందులోని ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు, పడవ మాత్రం పోయింది. తుఫానా? కాదు. ఇంజన్ చెడిందా? అదీ కాదు. ఉదయం నింపాదిగా బయలుదేరారు, దీవి దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతోంది. స్క్రీన్ మీద దారి శుభ్రంగా కనిపిస్తోంది, ఇంకో అరగంటలో లంగరు వేసుకుని పడుకోవచ్చు అనుకున్నారు.

లైఫ్ జాకెట్లు, మంచినీళ్ళు, మందుల పెట్టె గురించి నేను చెప్పక్కర్లేదు, అవి అందరూ సర్దుకుంటారు. చిన్న చిన్న దీవుల మధ్య తిరిగేవాళ్ళని ముంచే తప్పు ఒకటే: వెలుతురు లేని వేళ దిబ్బల్లోకి దూరడం. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళూ చేస్తారు. ఎందుకంటే రోజంతా ఎండలో, ఉప్పునీటిలో నానిన మనిషికి ఆ సాయంత్రం లంగరు తప్ప ఇంకేమీ కనిపించదు.

లెక్క చూడండి. మామూలు పడవ గంటకి 5 నాటికల్ మైళ్ళు పోతుంది. తర్వాతి దీవి 45 మైళ్ళంటే 9 గంటలు. ఉదయం 9కి బయలుదేరితే సాయంత్రం 6 అవుతుంది. భూమధ్యరేఖకి దగ్గరలో ఏడాది పొడవునా సూర్యుడు దాదాపు ఆ వేళకే దిగిపోతాడు. సంధ్య వెలుగు కూడా ఎక్కువసేపు ఉండదు, అరగంటలోపే చీకటి. అందుకే రాత్రి పూటే బయలుదేరండి. లోతైన సముద్రంలో రాత్రి ప్రయాణం అంటే కొత్తవాళ్ళకి టెన్షన్, కానీ ప్రమాదం అక్కడ లేదు, దిబ్బ అంచు దగ్గర ఉంది. అర్ధరాత్రి దాటాక కదిలితే ఉదయం 10 గంటలకి సూర్యుడు నెత్తికెక్కుతుండగా చేరతారు. అయితే ఇప్పుడున్న చోటు నుంచి బయటపడే దారి కూడా దిబ్బల మధ్యదే అయితే, ముందురోజు వెలుతురు ఉండగానే బయటికి వచ్చేయండి.

సూర్యుడు పైన ఉండాలి, మీ వెనక ఉండాలి. పడమటికి వెళ్ళే దారైతే పొద్దున, తూర్పుకి వెళ్ళే దారైతే మధ్యాహ్నం. ఎదురెండలో నీళ్ళు అద్దంలా మెరుస్తాయి, కింద ఏముందో తెలియదు. నీటి మీది మెరుపుని తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకున్న మనిషి ఒకరు ముందు భాగంలో నిలబడాలి. తెరచాప స్తంభం మీదికి ఎక్కగలిగితే ఇంకా మంచిది. ముదురు నీలం అంటే లోతు. లేత ఆకుపచ్చ అంటే ఇసుక మీద తక్కువ లోతు. గోధుమ రంగు కనిపిస్తే పగడం, తప్పుకోండి. మబ్బు నీడ కూడా దిబ్బలాగే కనిపించి గుండె ఆపేస్తుంది, అది కదులుతోందా లేదా చూడండి.

"జీపీఎస్ ఉంది కదా" అంటారు. జీపీఎస్ మీరెక్కడున్నారో సరిగ్గానే చెబుతుంది. దీవి ఎక్కడుందో చెప్పేది చార్ట్, అంటే సముద్రపు పటం. మారుమూల దీవుల చార్టుల్లో కొన్నిటికి ఆధారం 19వ శతాబ్దపు సర్వేలు, అక్కడ దీవే వందల మీటర్లు పక్కకి గీసి ఉండొచ్చు. 2014 నవంబర్‌లో ప్రపంచాన్ని చుట్టే తెరచాప పడవల పోటీ వోల్వో ఓషన్ రేస్‌లో టీమ్ వెస్టాస్ విండ్ పడవ మారిషస్‌కి ఈశాన్యాన ఉన్న కార్గడోస్ కారజోస్ దిబ్బల్ని రాత్రి వేళ గుద్దింది. ఉన్నవాళ్ళంతా ఆరితేరిన నావికులు. ఎలక్ట్రానిక్ చార్ట్‌ని తగినంత జూమ్ చేసి చూడకపోవడంతో దారిలో ఉన్న దిబ్బ వాళ్ళ కళ్ళపడలేదు. తొమ్మిదిమందీ బతికారు.

ఆలస్యమైందా? బయటే ఉండండి. తెరచాప తగ్గించి పడవని దాదాపు నిలబెట్టేయండి, తీరానికి చాలా దూరంగా. వంతులవారీ కాపలా పెట్టుకోండి. ఒక రాత్రి నిద్ర పోతుంది, అంతే.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

లంగరు ఇసుకలోనే వేయండి, పగడం మీద కాదు. పగడం తాడుని కోసేస్తుంది, అందుకే చైన్ వాడండి. చైన్ లోతుకి కనీసం 5 రెట్లు వదలండి, గాలి పెరిగితే 7. వేశాక నీళ్ళలో దిగి కళ్ళతో చూసుకోండి.

దిబ్బ సందులో ప్రవాహం ఇంజన్ కన్నా బలంగా ఉండొచ్చు. ఆటుపోట్లు మారే నిలకడ సమయం కోసం ఆగండి. అలలు దిబ్బ మీదుగా లోపలికి నీళ్ళు నింపుతుంటే ఆ నిలకడ ఆటుపోట్ల పట్టికలో రాసిన వేళకి రాదు. ముందు బయటే నిలబడి నీళ్ళని చూడండి.

లోపలికి వెళ్ళిన దారిని రికార్డ్ చేయండి. గాలి తిరిగి అర్ధరాత్రి పారిపోవాల్సి వస్తే ఆ గీతే దిక్కు. కొత్త చోటికి రాత్రి వెళ్ళడానికి అది అనుమతి కాదు.

డింగీలో, అంటే ఒడ్డుకి వెళ్ళే చిన్న పడవలో, తెడ్లు, రేడియో లేకుండా కదలొద్దు.

పగడం గీరుకుంటే అదే రోజు శుభ్రంగా కడగండి. దిబ్బ మీది పెద్ద చేపలు తినొద్దు, సిగ్వటేరా విషం వండినా పోదు, ఫ్రిజ్‌లో పెట్టినా పోదు.

తుఫాను కాలం మొదలయ్యేదాకా దీవుల్లో కాలక్షేపం వద్దు. దక్షిణ పసిఫిక్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్, కరీబియన్‌లో జూన్ నుంచి నవంబర్.

పెద్ద ప్రయాణానికి కదిలే ముందు స్తంభాన్ని పట్టే తీగలు ఒక్కొక్కటీ తడిమి చూడండి. తెగిన పోగు ఒక్కటి కనిపించినా ఆగండి. రేవు వదిలే కాగితం తీసుకోండి, అది లేకపోతే తర్వాతి దేశం రానివ్వకపోవచ్చు.

ఫలానా రోజు వస్తామని ఎవరికీ మాటివ్వొద్దు. విమానం ఎక్కాల్సిన అతిథి పడవలో ఉంటే సాయంత్రం ఆరున్నరకి కూడా దారి కనిపిస్తున్నట్టే ఉంటుంది.